పిల్లల చెస్ టోర్నమెంట్ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

మీ ఊళ్ళో స్కూల్లోనో ఫంక్షన్ హాల్లోనో ఒకరోజు ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆటల) టోర్నమెంట్ పెడుతుంటే, ట్రోఫీలు ఆర్డరిచ్చే ముందు బాత్రూమ్‌లు చూసి రండి. అమ్మాయిలకు విడిగా ఉన్నాయా, లోపల గడియ పడుతుందా, నీళ్ళొస్తున్నాయా, హాలు నుంచి అక్కడికి వెళ్ళే దారిలో మన మహిళా వాలంటీర్ ఒకరు కూర్చునే వీలుందా. తొమ్మిదేళ్ళ పిల్ల ఆట మధ్యలో ఒక్కతే లేచి వెళ్తుంది, అమ్మానాన్నలేమో గేటు బయట ఉంటారు, ఆ కాసేపు ఆ పిల్ల బాధ్యత పూర్తిగా మనదే.

ఇక ఆర్బిటర్, అంటే ఆటకు అంపైర్ లాంటి మనిషి, సంగతి. చాలామంది పిల్లలకు ఆర్బిటర్ అంటే భయం. ఎదుటివాడు పావు ముట్టుకుని ముట్టుకోలేదన్నా, మాటిమాటికీ డ్రా అడుగుతున్నా, బల్ల కింద కాలితో తన్నుతున్నా నోరు మెదపరు, ఓడిపోయి బయటికొచ్చి ఏడుస్తారు. బల్ల మీది చెస్ క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలిచే హక్కు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నిబంధనల్లోనే ఉంది, ప్రత్యర్థిని విసిగించడం అందులోని 11.5 నిబంధన ప్రకారం నిషిద్ధం. మొదటి రౌండ్‌కి ముందు ఐదు నిమిషాలు తీసుకుని ఇదంతా తెలుగులో చెప్పండి, అందరిచేత ఒకసారి క్లాక్ ఆపించి చెయ్యి ఎత్తించండి కూడా. ఒకసారి చేసి చూసిన పని టెన్షన్‌లో కూడా గుర్తొస్తుంది.

ఓడి వచ్చిన పిల్లాణ్ణి గుమ్మం దగ్గరే తిట్టేవాళ్ళు, చెయ్యి చేసుకునేవాళ్ళు ప్రతి టోర్నమెంట్‌లోనూ కనిపిస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఇది ఇక్కడ కుదరదని పొద్దున్నే మైకులో చెప్పండి. హాలు పక్కన ఒక గదిలో చాపలు, మంచినీళ్ళు, బిస్కెట్లు పెట్టి, ఆడి వచ్చిన పిల్లలు ముందు అక్కడ కాసేపు కూర్చునేలా చూడండి. ఈలోపు పెద్దవాళ్ళ కోపమూ కొంచెం చల్లారుతుంది.

2024 జనవరిలో నెదర్లాండ్స్‌లో టాటా స్టీల్ టోర్నమెంట్ ఆడి వచ్చాక, ప్రేక్షకులు తన ఆట కంటే బట్టలు, జుట్టు, మాట తీరు మీదే దృష్టి పెట్టారని మన దేశపు చెస్ క్రీడాకారిణి దివ్య దేశ్‌ముఖ్ బహిరంగంగా రాసింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. మీరు ఆటల్ని ఆన్‌లైన్‌లో లైవ్ పెడితే కామెంట్లు చూడటానికి ఒక మనిషిని పెట్టండి, లేదా కామెంట్లు మూసేయండి. పిల్లల ఫొటోలకు ఎంట్రీ ఫారంలోనే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

ఫిర్యాదు ఎవరికి చెప్పాలో గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి, రెండు ఫోన్ నంబర్లు పెట్టండి. అందులో ఒకరు మహిళ అయ్యుండాలి, ఇద్దరిలో ఎవరూ ఆడుతున్న పిల్లల కోచ్ కాకూడదు, ఎందుకంటే ఫిర్యాదు కోచ్ మీదే కావచ్చు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే మనలో మనం మాట్లాడుకుని సర్దేయడం కుదరదు, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చైల్డ్‌లైన్ 1098 కూడా ఆ బోర్డు మీదే రాయండి.

ముఖ్య అతిథి కోసం బహుమతులు ఆపకండి. మండలాల నుంచి వచ్చినవాళ్ళు చీకటి పడకముందే బస్సెక్కాలి.