నిద్రపోయే రాకుమారి కథను తిరగరాయాలంటే

నిద్రపోయే రాకుమారి (స్లీపింగ్ బ్యూటీ) కథను ఆ అమ్మాయే నడిపేలా రాయాలంటే, సినిమాలో చూసింది పక్కనపెట్టి పాత కథలు తెచ్చుకోండి. 1630లలో అచ్చయిన, బసీలే అనే రచయిత ఇటాలియన్ కథలో నిద్రలో ఉన్న పిల్లను రాజు చెరుస్తాడు. కవలలు పుడతారు, ఒక బిడ్డ ఆమె వేలు చీకితే అందులో గుచ్చుకున్న నార ముల్లు ఊడి ఆమె లేస్తుంది. ఫ్రెంచ్ రచయిత పెరో (1697) కథలో ముద్దే లేదు, నూరేళ్లు నిండాయి గనక మెలకువ వస్తుంది. ముద్దు జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులది (1812). అందులోనూ గడువు ఆ రోజే తీరింది, ముళ్లకంప తనే దారిచ్చింది. వీరుడు చేసింది ఎంతో మీరే చూడండి!

ఇప్పుడు గ్రిమ్ కథ మీద రెండు రంగుల పెన్సిళ్లతో గీతలు పెట్టండి: అమ్మాయి తను చేసినవాటికి ఎరుపు, ఆమెకు జరిగినవాటికి నీలం. ఎరుపంతా ఒక్క పూటలోనే పడుతుంది. పదిహేనో ఏట, అమ్మానాన్నలు ఇంట్లో లేనప్పుడు, గదులన్నీ తిరిగి, బురుజెక్కి, తుప్పు తాళంచెవి తిప్పి, ముసలమ్మను “ఇదేంటి?” అని అడుగుతుంది.

మార్చాల్సింది సరిగ్గా ఇక్కడే. కూతురికి కదురు గుచ్చుకుంటుందన్న శాపానికి భయపడి, రాజ్యంలో నూలు వడికే కదుళ్లన్నీ రాజు కాల్పించాడు కాబట్టే కదురంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. మీ కథలో రాణి ఒకటి దాచి కూతురికి నేర్పనివ్వండి: “కొన ఇటుంది, వేలు ఇలా పెట్టు.” శాపం మాత్రం తీసేయకండి, తీసేస్తే కథ కూలుతుంది. వేలికి గుచ్చుకోవడం తప్పదని తెలిసిన పిల్ల నూరేళ్ల నిద్రకు ముందు ఏం సర్దుకుంటుంది, ఎవరికి ఏం చెప్పిపెడుతుంది? మీ కథ సగం అదే.

ఎక్కువమంది తప్పు చేసేది కత్తి దగ్గర. అమ్మాయి చేతికిచ్చి పదిమందిని నరికిస్తే పాత వీరుడే లంగా కట్టుకున్నట్టు ఉంటుంది. శాపం పెట్టిన పదమూడో మహిమగల ఆమెను ఊరికే దుష్టురాలిని చేయడం ఇంకో తప్పు. పాప పుట్టినప్పటి విందుకు, బంగారు పళ్లేలు పన్నెండే ఉన్నాయని ఆమెను పిలవనిది రాజు, ఆ మాట కథలో వినపడాలి. ఉపన్యాసం వద్దు. సమానత్వం అనే మాట పాత్రల నోట వచ్చిందంటే ఆ వాక్యం కొట్టేయండి.

మేల్కొనే ఘట్టానికి మన ఆడవాళ్ల ఊర్మిళాదేవి నిద్ర పాట వినండి. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడొచ్చి లేపితే ఆమె గుర్తుపట్టక, పరాయివాడనుకుని గట్టిగా నిలదీస్తుంది. మీ రాకుమారి మొదటి మాట కూడా “నువ్వెవరు? ఎవరు రమ్మన్నారు?” అయితే చాలు. ముద్దు ఊసు మళ్లీ ఎత్తక్కర్లేదు.

చివరగా పైకి చదివి చూడండి, పది నిమిషాలు దాటితే కోయండి. నూరేళ్లు ఆగిపోయి, లేవగానే వంటవాడు కుర్రాడికి వేసే చెంపదెబ్బను మాత్రం కోయకండి. పిల్లలు నవ్వేది అక్కడే.