చెన్నైకి చదువుకోడానికి వచ్చినవాళ్లు రిపోర్ట్ రాసే ముందు

రూము, మెస్సు, తమిళం సంగతి ఎవరో ఒకరు చెప్తారు, నేను చెప్పను. మొన్న ఒంగోలు నుంచి వచ్చిన తమ్ముడొకడు రిపోర్ట్ వెనక్కి వచ్చిందని మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. తెరిచి చూస్తే మొదటి రెండు పేజీలూ వికీపీడియానే. "మాటలు మార్చానుగా అన్నా" అంటాడు. మాటలు మారిస్తే ఆలోచన నీదైపోతుందా?

ఇంటర్‌లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపితే ఫుల్ మార్కులు. ఇక్కడ అదే పనికి కాపీ అని పేరు. ఈ తేడా ముందే ఎవరూ చెప్పరు, అదే నా బాధ. నా మొదటి సెమిస్టరంతా అలాగే ఏడ్చింది. బోలెడు పేజీలు రాసిస్తే చివర్లో సారు ఎర్ర ఇంకుతో "ఇంతకీ నువ్వు చెప్పేదేంటి?" అని రాశారు. అందుకే ఆ చెప్పేదేదో మొదటి పేరాలోనే చెప్పెయ్యండి.

అందరి టెన్షనూ కాపీ శాతం గురించే. యూనివర్సిటీలను చూసుకునే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో వేరేవాళ్ల రాతతో పోలికలు 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 10 దాటి 40 దాకా అయితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఎవరి మాటో చెప్పి కొటేషన్‌లో పెట్టినవీ, రిఫరెన్సుల జాబితా ఆ లెక్కలోకి రావు. కానీ ఈ పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ పట్టుకోనంత మాత్రాన దొంగతనం కాకుండా పోదు, గైడ్ ఆ పుస్తకం మీకంటే ముందే చదివుంటారు!

పేరా చదివి, పుస్తకం మూసేసి, పక్క రూమ్మేట్‌కి తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే మీకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. చెప్పగలిగితే అప్పుడు ఇంగ్లీషులో రాసి, రచయిత, ఏడాది, పేజీ అప్పటికప్పుడే పక్కన వేసుకోండి. కొట్టూర్‌పురం అన్నా లైబ్రరీలో కూర్చుని నోట్సు రాసుకుని, పేజీ నంబరు కోసం ఆఖరి రాత్రి జుట్టు పీక్కునేవాళ్లని చాలామందిని చూశాను. రిఫరెన్సులు రాయాల్సింది ఐట్రిపుల్‌ఈ పద్ధతిలోనా, ఏపీఏ పద్ధతిలోనా అన్నది గైడ్‌నే అడగండి, సీనియర్‌ని కాదు.

ఎదుటివాణ్ణి ఒప్పించడానికి తర్కం, మనసుకు తాకేలా చెప్పడంతోపాటు చెప్పేవాడి మీద నమ్మకం కూడా ఉండాలన్నాడు అరిస్టాటిల్. ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్తే ఆ నమ్మకం పెరుగుతుందే గానీ పరువేం పోదు.

సరే, మరీ భయపెట్టినట్టున్నాను. ఇంగ్లీషు అంతంతమాత్రమైనా ఫర్వాలేదు, చిన్న వాక్యాలు చాలు. ఆ తమ్ముడి రెండో డ్రాఫ్ట్ తీసుకున్నారు. ఇంట్రడక్షన్ మాత్రం ఇంకా సాగదీస్తూనే ఉన్నాడు.