వాన హెచ్చరిక వస్తే డయాలసిస్ ముందుకు జరుపుకోండి

నేను కడపలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. నవంబరులో వాయుగుండం వార్త వినగానే షిఫ్టుల రిజిస్టరు తీస్తాను. రేపు, ఎల్లుండి ఎవరెవరు రావాలి, వాళ్లలో వాగు దాటి రావాల్సిన వాళ్లెవరు అని చూస్తాను. మీ ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉంటే మీరూ ఆ రోజే సెంటరుకు ఫోన్ చేయండి. "మా టర్ను ఎల్లుండి ఉంది, రేపే చేస్తారా?" అని అడగండి, మొహమాటం వద్దు. 2012లో అమెరికాలో శాండీ తుఫాను రాకముందే డయాలసిస్ చేయించుకున్న వాళ్లలో, ఆస్పత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు మిగతావాళ్ల కంటే తక్కువని తర్వాత లెక్కల్లో తేలింది. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

మా వైపు ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. నందలూరు వైపు రైలు పట్టాలు కూడా కొట్టుకుపోయాయి. 2009 అక్టోబరులో కర్నూలు నగరమే నీళ్లలో మునిగింది. అలాంటప్పుడు ఆస్పత్రి భవనం చెక్కుచెదరకపోయినా మిషన్ నడవకపోవచ్చు. ఒక మనిషికి నాలుగు గంటల డయాలసిస్‌కు శుద్ధి చేసిన నీళ్లే దాదాపు 120 లీటర్లు కావాలి, కరెంటూ ఉండాలి. అందుకే ఇంకో దిక్కున రెండో సెంటరు ఒకటి చూసి పెట్టుకోండి. రాజంపేట వాళ్లకు కడప దారి మూసుకుపోతే తిరుపతి దారి ఉండొచ్చు. అక్కడ ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేస్తారా, లేదా అన్నది ఎండాకాలంలోనే కనుక్కోవాలి.

కొత్త సెంటరు వాళ్లు మొదట అడిగేది హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రిపోర్టులు. అవి లేకపోతే ఏ మిషన్ మీద పడుకోబెట్టాలో వాళ్లకు తెలియదు. వాటితో పాటు డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీళ్లు లేనప్పటి బరువు), వాడే డయలైజర్ (రక్తం వడకట్టే ఫిల్టరు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, మందుల చీటీ, వైద్యసేవ కార్డు, ఆధార్ జిరాక్సు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఫోన్లో ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న బంధువుకు కూడా పంపండి. రెండు వారాల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. పొటాషియం తగ్గించే పొడి గురించి డాక్టరును ముందే అడిగి, ఎప్పుడు ఎంత వాడాలో రాయించుకోండి.

నాకు ఎక్కువ భయం పునరావాస కేంద్రంలో పెట్టే తిండి గురించే. పాపం, వచ్చినవాళ్లు ప్రేమగానే అరటిపళ్లు, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ పంచుతారు. డయాలసిస్ ఆగిన మనిషికి అవి ప్రాణం మీదకు తెస్తాయి. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. టమోటా పప్పు, ఆకుకూర, చెనిక్కాయల చట్నీ, ఊరగాయ కూడా పక్కన పెట్టండి. తెల్లన్నం, ఉప్పు లేని బొరుగులు, సాదా ఇడ్లీ మేలు. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియమే ఉంటుంది, దాన్ని అసలు ముట్టొద్దు. డయాలసిస్ ఎప్పుడవుతుందో తెలియనప్పుడు నీళ్లు డాక్టరు చెప్పిన కొలతలో సగానికి తగ్గించండి. సాంబారు, మజ్జిగ, టీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. దాహమైతే నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

కేంద్రంలో అడుగుపెట్టగానే ఏఎన్ఎమ్‌కో, ఆశా కార్యకర్తకో "మా ఆయన డయాలసిస్ పేషెంటు, ఫలానా రోజుకు చేయాలి" అని చెప్పి పేరు రాయించండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూది వేయనివ్వొద్దు, ఆ చేత్తో బియ్యం మూటలు మోయొద్దు. రోజూ పొద్దున ఫిస్టులా మీద వేలు పెట్టి జుమ్మనే అదురు ఉందో లేదో చూడండి. మెడలో కాథెటర్ (డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం) ఉంటే వరద నీళ్లు, బురద దానికి తగలకూడదు. పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్లు సీసంలా బరువెక్కినా, గుండె తడబడినా మీ టర్ను వచ్చేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

సెంటరు మళ్లీ తెరిచాక ఒక్క ప్రశ్న అడగండి: "నీళ్లకు క్లోరిన్ టెస్టు చేశారా?" వరద తర్వాత మంచినీళ్లలో బ్లీచింగ్ ఎక్కువ కలుపుతారు. సెంటరులో నీళ్లను శుద్ధి చేసే కార్బన్ ట్యాంకు ఆ క్లోరిన్‌ను పూర్తిగా ఆపకపోతే పేషెంటు రక్తకణాలు పగిలిపోతాయి. ఈ ప్రశ్నకు మంచి టెక్నీషియన్ ఎవరూ కోపం తెచ్చుకోరు.

మధ్యలో ఎన్ని టర్నులు తప్పాయో, ఎంత బరువు పెరిగారో సూది వేయకముందే చెప్పండి. ఒంట్లో పేరుకున్న నీళ్లన్నీ ఒకేసారి తీసేయమని పట్టుబట్టొద్దు. బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. అందరికీ అందాలని నాలుగు గంటలకు బదులు మూడే చేస్తామంటే ఒప్పుకోండి. తర్వాతి టర్ను ఏ రోజో, ఎన్ని గంటలకో రాయించుకున్నాకే సెంటరు నుంచి బయల్దేరండి.