మెకానికల్ బుల్ ఎక్కబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పార్టీలు, ఎగ్జిబిషన్ల సీజన్ వస్తోంది. మెకానికల్ బుల్ అంటే ఎద్దులా కుదుపుతూ, తిరుగుతూ పైన కూర్చున్నవాళ్లను పడేసే యంత్రం. రోడియోలో, అంటే ఎగిరిపడే ఎద్దు మీద కూర్చునే పోటీల్లో, పాల్గొనే రైడర్ల సాధన కోసం పుట్టింది. కింద పరుపు ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి.

• బుల్ మీద పట్టుకోవడానికి ఉండే తాడును చేతికి చుట్టుకోవద్దు, పట్టుకుంటే చాలు. చుట్టుకుంటే మనిషి ఒకవైపు పడతాడు, చెయ్యి బుల్ దగ్గరే ఇరుక్కుంటుంది. మణికట్టు, భుజం దెబ్బతింటాయి.

• మెడనొప్పి, నడుంనొప్పి, పాత ఆపరేషన్, గర్భం ఉంటే ఎక్కనే వద్దు. మందు తాగినా అంతే.

• పడేటప్పుడు చెయ్యి చాచి ఆపుకోవాలని చూడొద్దు. ఒంటి బరువంతా మణికట్టు మీదే పడుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు ముడుచుకుని దొర్లండి.

• పడగానే లేచి నిలబడొద్దు. బుల్ ఇంకా తిరుగుతూ ఉండొచ్చు, దాని తల తగిలితే గట్టి దెబ్బే. వంగి పాకుతూ దూరం జరగండి.

• మీ వంతుకు ముందు ఇద్దరు ముగ్గురి రైడ్ చూడండి. బుల్‌ని కాదు, ఆపరేటర్‌ని. వేగం, ఆపే బటన్ రెండూ అతని చేతిలోనే ఉంటాయి. చూపు రైడర్ మీద కాకుండా ఫోన్ మీద ఉంటే వెనక్కి వచ్చేయండి, మొహమాటపడొద్దు. బాగా చూసుకుంటున్నాడనిపిస్తే, మొదటిసారి అని చెప్పి నెమ్మదిగా మొదలుపెట్టమనండి. ఆపమనడానికి ఏ సైగ చెయ్యాలో అడగండి.

• పరుపును కాలితో నొక్కి చూడండి. గాలి తగ్గి నేల తగులుతుంటే ఎక్కొద్దు.

• ఉంగరాలు, తాళాలు, ఫోన్, బెల్టు తీసేయండి. పడ్డప్పుడు ఒంట్లో గుచ్చుకునేవి ఇవే.