టర్కీ పుంజులు కొట్టుకుంటుంటే ఏం చేయాలి?

నిన్నటి దాకా ఒకే తొట్టిలో మేత తిన్న రెండు టర్కీ పుంజులు ఓ పొద్దున్నే మెడలు పెనవేసుకుని, ఒకదాని ముక్కు ఇంకొకటి పట్టుకుని గుంజుకుంటుంటే కొత్తగా పెంచేవాళ్లకు టెన్షన్ రావడం సహజం. తలలు కందిపోతాయి, రక్తం కారుతుంది, గంట గడిచినా వదలవు. పరుగున వెళ్లి విడదీసి చెరో చోట మూసేయాలనిపిస్తుంది. చాలాసార్లు గొడవను పొడిగించేది అదే. ఎవరు పెద్ద అన్నది తేలితేనే పుంజులు చల్లబడతాయి. తేలకముందే విడదీస్తే, మళ్లీ కలిపిన రోజు కథ మొదటికొస్తుంది. అందుకే మనం చూడాల్సింది ముఖ్యంగా ఒకటి: ఓడిన పుంజుకు తప్పుకునే దారి ఉందా, లేదా?

1. అది పోట్లాటా, ఆర్భాటమా?

ఒళ్లంతా ఉబ్బించి, తోక పురివిప్పి, రెక్కల చివర్లు నేలకు రాస్తూ తిరగడం పోట్లాట కాదు. పెట్టల కంట పడటానికీ, పక్క పుంజుకు తన ఉనికి తెలపడానికీ చేసే ప్రదర్శన అది. అప్పుడు ముక్కు మీది మెత్తని కండ సాగి ముక్కు దాటి వేలాడుతుంది. తల ఎరుపు, నీలం, తెలుపు రంగుల్లోకి మారుతుంటుంది. ఆ కండ పొడవును మిగతా పుంజులు గమనిస్తాయి. పొడుగు కండ ఉన్న పుంజు పక్కన మేత తినడానికి మిగతావి వెనకాడతాయని పరిశోధకులు గుర్తించారు. అంటే ఒంటి మీద దెబ్బ పడకుండానే తేలిపోయే తగాదాలూ ఉంటాయి, వాటి జోలికి మనం పోనక్కర్లేదు.

అసలు పోట్లాట వచ్చేముందు వాలకం మారుతుంది. ఉబ్బిన ఈకలు ఒంటికి అణిగిపోతాయి, మెడలు నిక్కుతాయి, వేలాడే కండ ముడుచుకుని వేలి కొసంత అయిపోతుంది. రెండూ పక్కపక్కనే గుండ్రంగా తిరుగుతూ గొంతులోంచి సన్నగా గురగురమంటాయి. ఆ తర్వాత రొమ్ములతో నెట్టుకోవడం, ఎగిరి కాళ్లతో తన్నుకోవడం, చివరికి తల తోలో ముక్కు కండో పట్టుకుని మెడలు మెలేసుకోవడం. ఆ పట్టు మీదే చాలాసేపు కదలకుండా నిలబడిపోతాయి కూడా. ఎవరి బలం ముందు తగ్గుతుందా అని రెండూ చూసుకుంటున్నట్టు లెక్క.

ఇది ఎక్కువగా అయిదు నుంచి ఏడు నెలల వయసులో మొదలవుతుంది. పగటి సమయం పెరిగే రోజుల్లో, జత కట్టే కాలంలో ముదురుతుంది.

2. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దిగాలి

రెండూ సమంగా నెట్టుకుంటూ, మధ్యలో విడిపోయి ఊపిరి తీసుకుని మళ్లీ కలబడుతుంటే, తలల మీద గీరుకున్న గాయాలు మాత్రమే ఉంటే, దూరంగా నిలబడి చూడండి. కొంతసేపటికి ఒకటి తల దించి, ఈకలు అణచుకుని పక్కకు తప్పుకుంటుంది. గెలిచింది నాలుగడుగులు తరిమి, వెనక్కి వచ్చి పురివిప్పుతుంది. ఇలా ముగిస్తే మంచిది. ఆ తర్వాత కొన్ని రోజులు చిన్నచిన్న తరుములాటలు ఉంటాయి, అంతే.

ఓడినది తల దించినా, పారిపోయినా, కూలబడినా గెలిచింది తల మీద పొడుస్తూనే ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కింద పడ్డ పక్షిని వదలకుండా పొడిచే గుణం టర్కీలకు ఉంది. మిగతా పుంజులు, ఒక్కోసారి పెట్టలు కూడా వచ్చి చేయి కలుపుతాయి. అప్పుడది ఇద్దరి తగాదా కాదు, మంద మొత్తం ఒక్కదాని మీద పడటం. అలా ప్రాణం పోయే ప్రమాదం నిజంగా ఉంది.

కంటికి దెబ్బ తగిలినా, రక్తం ఆగకుండా బొట్లుబొట్లుగా పడుతున్నా, ఒకటి మూలలో ఇరుక్కుని బయటికి రాలేకపోతున్నా విడదీయాల్సిందే. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కులు తెరిచి రొప్పుతుంటే గాయాలేవీ లేకపోయినా ఆపండి. మాంసం కోసం పెంచే బరువైన జాతుల విషయంలో మరీ జాగ్రత్త. వాటి ఒంటి బరువుకు గుండె, రక్తనాళాల మీద ముందే భారం ఉంటుంది. ఎక్కువసేపు పెనుగులాడితే ఉన్నట్టుండి కుప్పకూలిపోవచ్చు.

3. విడదీసే పద్ధతి

చేతులు మధ్యలో పెట్టకండి. పెద్ద పుంజు పది కిలోలు దాటుతుంది, రెక్క దెబ్బ గట్టిగా తగులుతుంది, కాలి వెనక ముల్లు చర్మాన్ని చీలుస్తుంది. పిల్లల్ని దూరంగా పంపండి. వెడల్పాటి ప్లైవుడ్ ముక్క గానీ, తెరిచిన గొడుగు గానీ రెండింటి మొహాల మధ్యకు జరిపితే ఒకదానికొకటి కనిపించదు. సగం కోపం అక్కడే తగ్గుతుంది.

ఒకటి ముక్కుతో పట్టు వదలకపోతే లాగొద్దు. లాగితే అవతలి పుంజు తోలు ఊడి వస్తుంది. పట్టుకున్న పుంజు తల మీద ఓ తువ్వాలు కప్పండి. కళ్లకు చీకటి కమ్మితే నెమ్మదిస్తుంది, కాసేపటికి వదులుతుంది. ఎత్తాల్సి వస్తే రెక్కలు ఒంటికి అదిమి, రెండు కాళ్లూ పట్టుకుని, రొమ్ము కింద చేయి ఆనించండి. ఒంటి కాలితోనో ఒక రెక్కతోనో వేలాడదీస్తే కీలు తప్పుతుంది.

ఓడినదానికి పెద్ద గాయం లేకపోతే పక్కకు తీయాల్సింది దాన్ని కాదు, దాడి చేసేదాన్ని. ఓడినది మందలోనే ఉండి కుదుటపడుతుంది. తిరిగి వచ్చే దుడుకు పుంజు తన చోటు మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.

4. గాయాలు

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి దానితో కడగండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి కొన్ని నిమిషాలు అదిమి పట్టండి. ముక్కు కండ చిట్లితే రక్తం భయపెట్టేంత కారుతుంది గానీ, తలకు రక్త ప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి తొందరగానే మానుతుంది. రక్తం పూర్తిగా ఆరే దాకా మందలోకి వదలొద్దు. ఎర్రగా కనిపిస్తే చాలు, మిగతావి అక్కడే పొడుస్తాయి. కన్ను మూసుకుపోయినా, తల వాపు మరుసటి రోజుకు పెరిగినా పశువుల డాక్టరుకు చూపించండి.

ఇంకో సంగతి. తలల మీద పొక్కులు కట్టిన మచ్చలు అసలు కొట్టుకోని పెట్టలకు కూడా కనిపిస్తే అవి పోట్లాట గాయాలు కాకపోవచ్చు, పక్షులకు వచ్చే మశూచి (ఫౌల్ పాక్స్) అయి ఉండొచ్చు. దోమల వల్ల వ్యాపిస్తుంది, పచ్చి గాయం లోంచి కూడా లోపలికి వెళ్తుంది. దోమల్ని అదుపులో పెట్టడం కూడా గాయానికి వైద్యంలో భాగమే.

5. దొడ్డిని సరిచేయండి

అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇది, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. దొడ్డిలోకి వెళ్లి ఓడిన పుంజు కళ్లతో ఓసారి చూడండి. తరిమితే ఎటు పోవాలి? మూల దగ్గర దారి మూసుకుపోతుందా? షెడ్డుకు ఒకే గుమ్మం ఉంటే, గెలిచింది ఆ గుమ్మంలో నిలబడితే చాలు, లోపలున్నది చిక్కుకుపోయినట్టే. రెండో గుమ్మం తెరవండి. మూలల్లో రేకో చెక్కో ఏటవాలుగా పెట్టి, పరిగెత్తిన పక్షి గుండ్రంగా తిరిగి బయటపడేలా చేయండి.

ఖాళీ మైదానంలా ఉన్న దొడ్డిలో ఎక్కడున్నా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి తరుములాట ఆగదు. అక్కడక్కడా గడ్డి మోపులు, పొదలు, నిలబెట్టిన చెక్కలు ఉంటే ఓడినది చూపు నుంచి తప్పించుకుంటుంది. చూపు తప్పితే గెలిచింది వదిలేస్తుంది. మేత తొట్లు, నీళ్ల తొట్లు కనీసం రెండేసి చోట్ల పెట్టండి, అదీ ఒకచోటి నుంచి ఇంకోటి కనపడకుండా. రాత్రి ఎక్కే కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై కర్ర కోసం కొట్లాట ఉండదు. దొడ్డి పక్కన అద్దాలు, మెరిసే రేకులు, నిలిపిన కారు లాంటివి ఉంటే కప్పేయండి. తన నీడనే శత్రువనుకుని గంటలకొద్దీ పొడిచే పుంజులున్నాయి.

6. పుంజుల లెక్క

చిన్న మందకు ఒక్క పుంజు చాలు. ఎనిమిది, పది పెట్టలకు ఒకటి అన్న లెక్కను చాలామంది పాటిస్తారు. పుంజులు ఎక్కువై పెట్టలు తక్కువైతే పుంజులకే కాదు, పెట్టలకూ నరకం. పదేపదే తొక్కించుకుని వీపు తోలు లేచిపోతుంది. రెండు పుంజులు ఉంచుకోవాలనుకుంటే కలిసి పెరిగిన అన్నదమ్ముల్ని ఉంచుకోండి. అడవి టర్కీల్లో అన్నదమ్ములు జట్టుగా తిరుగుతూ, పెద్దదానికి మిగతావి తోడు నిలవడం శాస్త్రవేత్తలు గమనించారు. బయటి నుంచి పెద్ద పుంజును తెచ్చి పాత పుంజు ఉన్న దొడ్డిలో వదలడం అన్నింటికన్నా ప్రమాదం. మిగిలిన పుంజుల్ని పెట్టలు కనపడనంత దూరంలో విడిగా ఉంచితే వాటిలో అవి చాలావరకు సర్దుకుంటాయి.

7. మళ్లీ కలపడం

జాలీకి అటొకటి ఇటొకటి ఉంచండి, పూర్తిగా కనుమరుగు చేయొద్దు. కాకపోతే జాలీ లోంచి కూడా కొట్టుకుంటాయి, కాబట్టి తల ఎత్తు వరకు చెక్క అడ్డం పెట్టి, పైన మాత్రమే తెరిచి ఉంచండి. రెండూ అడ్డం దగ్గర కాపు కాయడం మానేసి తమ మేత తాము తింటున్నాయంటే సమయం వచ్చినట్టు. మీకు రోజంతా ఖాళీ ఉన్నప్పుడు, పొద్దున్నే, పెట్టల్ని పక్కన పెట్టి, రెండింటికీ కొత్తదైన ఖాళీ స్థలంలో వదలండి. కాసేపు కలబడతాయి. ముగిసే దాకా ఓపిక పట్టండి.

8. కలవకపోతే

కొన్ని జంటలు ఎంత చేసినా కలవవు. ప్రతిసారీ రక్తం కళ్లజూస్తుంటే ఒకదాన్ని వేరే మందకు ఇచ్చేయండి, లేదా శాశ్వతంగా రెండు దొడ్లు చేయండి. ఏటా అదే హింసకు వదలడం కన్నా అది ఎంతో మేలు. ఇంకో అవకాశం కావాలంటే జత కట్టే కాలం దాటి, పగళ్లు కురచవుతూ ఈకలు రాల్చే రోజుల దాకా ఆగండి. అప్పుడు పుంజుల దూకుడు బాగా తగ్గుతుంది. ఆ నెలల్లో కలిసినా అడ్డం చెక్కలు మాత్రం పారేయకండి. పగళ్లు మళ్లీ పెరగడం మొదలవగానే అవి చేతికి అందేలా ఉండాలి.