వానలకు ముందే ప్రైమర్: మినియేచర్లకు రంగులు వేసేవారికి జాగ్రత్తలు

పెట్టెలోని మినియేచర్లు, అంటే ఓర్క్‌లు (కథల్లోని రాక్షసులు), డ్రాగన్ల చిన్న బొమ్మలు ఇంకా బూడిదరంగు ప్లాస్టిక్‌గానే ఉంటే, స్ప్రే ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందుగా కొట్టే పూత) పని జూన్ వానలకు ముందే ముగించండి. ఆ తర్వాత కళింగపట్నంలో ఉన్నా, విజయనగరం నడిబొడ్డున ఉన్నా, వాన పడని రోజు కూడా గాలిలో తేమ వదలదు. స్ప్రేలోని ద్రావకం చటుక్కున ఆవిరవుతూ బొమ్మను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ చెమ్మగా చేరి, నల్ల ప్రైమర్ మీద తెల్లటి పొర కడుతుంది. ముఖంలో కళ్లు, కవచం మీది రివెట్లు ఆ పొర కింద మసకబారిపోతాయి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. 70 శాతం దాటితే నేనైతే డబ్బా మూత తీయను.

అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కితే మరో తంటా. వడగాలికి తుంపర బొమ్మను చేరేలోపే ఎండి, గరుకుగా అంటుకుంటుంది. ఉదయపు చెమ్మ తగ్గాక, ఎండ ముదరకముందు పని కానివ్వండి. రెసిన్ బొమ్మలనైతే ముందు సబ్బునీళ్లతో కడగాలి. అచ్చుకు పూసిన జిడ్డు మిగిలితే ప్రైమర్ పెచ్చులుగా ఊడుతుంది. ఆరబెట్టడం నీడలోనే, ఎండకు సన్నని కత్తులు వంగిపోతాయి. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి, చేయి ఆపకుండా పలచగా కొట్టండి. అందులోని వాయువు మండే రకం కాబట్టి పొయ్యి, పూజగది దీపం దరిదాపుల్లో వద్దు. మూతికి కట్టిన రుమాలు ఆవిరిని ఆపదు, ఆవిరిని వడకట్టే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి.

వానల్లో ఆగలేనివారికి కుంచెతో పూసే అక్రిలిక్ ప్రైమర్ ఉంది. నెమ్మది పనే గానీ, ముసురు రోజున అదే దిక్కు. రాత్రంతా ఆరనిచ్చి, బేస్ కోటు (ప్రైమర్ మీద వేసే మొదటి రంగు) రంగును నీళ్లతో పాలలా పలచన చేసి రెండు పూతలు వేయండి. మొదటిది ఆరకుండా రెండోది తగిలిస్తే కిందిది లేచి వస్తుంది.

పీఠానికి సముద్రపు ఇసుక అతికించే సరదా ఉంటే మంచినీళ్లలో బాగా కడగండి, ఉప్పు తేమను లాగుతుంది. నాగావళి ఇసుకను టీ జల్లెడతో జల్లించుకోవడం ఇంకా మేలు.

సెప్టెంబరు దాటిందని డబ్బా బయటికి తీయకండి. 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబరులోనే. పూత చెడితే ప్లాస్టిక్ బొమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయవచ్చు. గోళ్లరంగు తీసే అసిటోన్ మాత్రం ముట్టించవద్దు, రంగుతోపాటు ఓర్క్ కూడా కరిగిపోతాడు.