కారు బ్యాటరీ టెర్మినళ్లు – 3వ పాఠం: మెరుస్తున్నా స్టార్ట్ కావట్లేదా?

పోయిన పాఠం చదివి టెర్మినళ్లు కడిగినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: "తెల్లపొడి అంతా పోయింది, తళతళలాడుతున్నాయి, తాళం తిప్పితే మాత్రం టిక్‌టిక్ తప్ప ఇంజన్ తిరగట్లేదు." అందుకే ఈసారి చెబుదామనుకున్న ఛార్జింగ్ సంగతి పక్కన పెట్టేశాను.

మీరు కడిగింది క్లాంపు (కేబుల్ చివర ఉండే లోహపు పట్టు) పైభాగం. కరెంటు పోయేది దాని లోపలివైపు నుంచి. పోస్టును, అంటే బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన సీసపు మొనను, చుట్టి పట్టుకునే ఆ లోపలి అంచంతా బూడిదరంగులో సన్నటి పొర కట్టి ఉంటుంది. పొడిలా రాలదు, వంటసోడా నీళ్లు పోస్తే నురగ రాదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లైట్లకు కొద్ది ఆంపియర్లు చాలు, అవి వెలుగుతూనే ఉంటాయి. ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగేసరికి ఆ పొర దగ్గరే వోల్టేజీ పడిపోతుంది. "లైట్లు వెలుగుతున్నాయిగా, టెర్మినల్ బాగానే ఉంది" అంటూ కొత్త బ్యాటరీ కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

క్లాంపులు పూర్తిగా ఊడదీయండి. ముందు నెగటివ్, బిగించేటప్పుడు అది చివర. గ్లౌజులు వేసుకుని, గరుకు కాగితం చుట్టగా చుట్టి క్లాంపు రంధ్రంలో దూర్చి, సీసం మెరిసేదాకా తిప్పండి. పోస్టు చుట్టూ కూడా అంతే. దీనికోసం ప్రత్యేకంగా బ్రష్షులున్నాయి గానీ నాకు గరుకు కాగితమే ఇష్టం. సీసం మెత్తన, బ్రష్ జోరుగా తిప్పితే ఊరికే అరిగిపోతుంది. రాలిన పొడిని ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

బోల్టు బిగించాక కూడా క్లాంపు చేత్తో తిరుగుతోందా? దాని రెండు కొసలూ ఒకదానికొకటి ఆనుకున్నాయేమో చూడండి. ఆనుకుంటే ఎంత బిగించినా లాభం లేదు, క్లాంపు మార్చాల్సిందే. పెట్రోలియం జెల్లీ బిగించాకే, పైపైన పూయండి.

అభ్యాసం: కారు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ (మీటర్ తీగ మొన) పోస్టు నడిమధ్య, రెండోది క్లాంపు మీద ఆనించండి. ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. ఫ్యాను, బెల్టుల దగ్గర చేతులు పెట్టొద్దు. స్టార్టర్ ఇంజన్‌ను తిప్పుతుండగా మీటర్ 0.2 వోల్టులు దాటితే మళ్లీ రుద్దాలి. రెండు టెర్మినళ్లకూ చేయండి. తర్వాత నెగటివ్ పోస్టుకూ ఇంజన్ లోహానికీ మధ్య కూడా ఇలాగే కొలిచి రాసుకోండి. టెర్మినళ్లు రెండూ పాసై అక్కడ మాత్రం బాగా ఎక్కువ చూపిస్తే, నెగటివ్ నుంచి ఇంజన్, బాడీ వైపు వెళ్లే ఎర్త్ కేబుల్‌ను అనుమానించాలి. వచ్చే పాఠం దాని మీదే.